నాలుగు చెరువులు, అరవై నెలలు: చెన్నై నీళ్లను పైనుంచి కొలిచిన పని డైరీ

ఇదే పని చేసి చూడాలనుకునేవాళ్ల కోసం, అంతకంటే ముఖ్యంగా నేను పడిన గుంటల్లో పడకూడదనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. చెన్నైకి తాగునీళ్లిచ్చే పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం జలాశయాల్లో 2019 జనవరి నుంచి 2023 డిసెంబర్ దాకా నెలనెలా నీరు ఎంత మేర పరుచుకుని ఉందో ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టడం పని. నాలుగు జలాశయాలు, అరవై నెలలు, 240 గడుల పట్టిక. ఒక్కో గడిలో హెక్టార్లలో ఒక్క అంకె.

నేను అకౌంట్లు చూసుకునే మనిషిని, శాస్త్రవేత్తను కాను. చెన్నై అంబత్తూరులో ఉంటాను. పక్క ఫ్లాట్లో ఉండే పెద్దాయన రెవెన్యూలో సర్వేయరుగా చేసి రిటైరయ్యారు, మా నెల్లూరు వైపు వారే. అపార్టుమెంటులో అందరికీ ఆయన సర్వేయర్ గారు. ఈ డైరీలో ఆయన అడిగిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. వాటిలో సగానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

0వ దశ: సామాను, హద్దులు

1. ఎనిమిది జీబీ మెమరీ ఉన్న పాత ల్యాప్‌టాప్.
2. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్. ఉచితం.
3. యూరప్ అంతరిక్ష సంస్థ వారి సెంటినెల్-2 చిత్రాలు. ఇవీ ఉచితమే. మొదటి ఉపగ్రహం 2015 జూన్‌లో, రెండోది 2017 మార్చిలో వెళ్లాయి. నేను లెక్కగట్టిన ఐదేళ్లలో రెండూ కలిసి ఐదు రోజులకొకసారి మన మీదుగా పోయేవి, ఉదయం పదిన్నర దాటాక.
4. యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం జేఆర్‌సీ తయారుచేసిన నీటి పటం. 1984 నుంచి 2021 దాకా ఎక్కడెక్కడ ఒక్కసారైనా నీళ్లు నిలిచాయో అందులో ఉంటుంది. ఒక్కో చెరువు గరిష్ఠ హద్దు దీన్నుంచే తీసుకున్నాను.

2019 నుంచే ఎందుకంటే, గాలిలోని ధూళి, తేమ ప్రభావం తీసేసి సిద్ధం చేసిన చిత్రాలు ప్రపంచమంతటికీ 2018 డిసెంబర్ నుంచి వరసగా దొరుకుతున్నాయి. రెండో కారణం చెన్నైలో ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు. 2019 జూన్‌లో ఈ నాలుగు జలాశయాల్లో కలిపి సామర్థ్యంలో ఒక్క శాతం నీళ్లు కూడా లేవు. జులై 12న జోలార్‌పేట నుంచి యాభై వ్యాగన్ల రైలు పాతిక లక్షల లీటర్లతో విల్లివాక్కం వచ్చింది. ఆ ఏడు మా అపార్టుమెంటు ట్యాంకర్ ఖాతా చూసేది నేనే. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది.

చిత్రంలో ఒక్కో చదరం పది మీటర్లు పొడవు, పది మీటర్లు వెడల్పు. ఈ మాట చెప్పగానే సర్వేయర్ గారు గాల్లో లెక్కేసి, "రెండున్నర సెంట్లు" అన్నారు. మద్రాసు లెక్కలో అర గ్రౌండు కంటే కొంచెం తక్కువ. "ఇంటి స్థలమంత గుడ్డముక్కలు పరిచి చెరువు కొలుస్తున్నారన్నమాట. అంచు దగ్గర ఏం చేస్తారు?" అని అడిగారు.

సరైన ప్రశ్న. నీటి అంచు పొడవు పది కిలోమీటర్లనుకుంటే సుమారు వెయ్యి చదరాలు సగం నీళ్లు, సగం నేల. అవన్నీ ఒకేవైపు తప్పితే ఐదు హెక్టార్లు, అంటే పన్నెండు ఎకరాలకు పైగా తేడా. అందుకని పట్టికలో దశాంశాలు పెట్టకూడదని ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఈ మొత్తం పనిలో మొదటిసారే సరిగ్గా చేసింది ఇదొక్కటే.

ఇప్పటిదాకా: 6 గంటలు, ఖర్చు రూ. 0, నిండిన గడులు 0/240.

1వ దశ: ఫైలు గట్టు

సెంటినెల్-2 చిత్రాలు సుమారు 110 కిలోమీటర్ల చదరపు పలకలుగా వస్తాయి. పక్కపక్క పలకలు పది కిలోమీటర్ల మేర ఒకదాని మీదకొకటి వస్తాయి. మనకు కావలసినవి రెండు: పడమటిది 44పీఎల్‌వీ, తూర్పుది 44పీఎమ్‌వీ. పడమటి పలకను తెరపై తెరిస్తే నాలుగు జలాశయాలూ కనిపించాయి. అది చాలనుకుని దాంతోనే మొదలుపెట్టాను.

పన్నెండు నెలలు లెక్కగట్టాక పుళల్ అంకెలు చిత్రంగా అనిపించాయి. వేసవిలోనూ, వాన తర్వాతా తూర్పు ఒడ్డు కదలడం లేదు. దగ్గరికి లాగి చూస్తే ఆ ఒడ్డు నిలువుగా, స్కేలు పెట్టి గీసినట్టుంది. పలక అంచు సరిగ్గా పుళల్ మీదుగా పోతోంది, చెరువులో తూర్పు భాగం నా ఫైల్లోనే లేదు. చెరువుకు అంత తిన్నని ఒడ్డు కనిపిస్తే అది చెరువు గట్టు కాదు, ఫైలు గట్టు.

సరేనని రెండు పలకలూ దించి, రెండింట్లో లెక్కగట్టి కూడేశాను. ఈసారి పుళల్ కుదిరినట్టే కనిపించింది గానీ, చోళవరం విస్తీర్ణం జేఆర్‌సీ గరిష్ఠ హద్దు కంటే కూడా ఎక్కువ వచ్చింది. పుళల్ పడమటి కొస, చోళవరం మొత్తం రెండు పలకలూ కలిసే పట్టీలో ఉన్నాయి. అంటే చోళవరాన్ని రెండుసార్లు రాశాను. అకౌంట్లు చూసేవాడు ఒకే రశీదును రెండుసార్లు ఎక్కించడం కంటే సిగ్గుచేటు ఇంకేముంది?

మార్చిన పద్ధతి:

1. ఒక్కో జలాశయం చుట్టూ జేఆర్‌సీ గరిష్ఠ హద్దుకు 200 మీటర్లు బయటగా గీత గీయాలి.
2. ఒక్కో జలాశయానికి ఒక్కటే పలక. పూండి, చెంబరంబాక్కం పడమటి పలకలో. చోళవరం, పుళల్ తూర్పు పలకలో.
3. పలకలను అతికించే జోలికి వెళ్లొద్దు.

ఇక్కడే ఇంకో తెలివితక్కువ ఖర్చు. ఒక్కో ఫైలు సుమారు ఒక జీబీ. ఏడాదికి 73 చొప్పున ఐదేళ్లకు 365 తేదీలు, రెండు పలకలు, వెరసి 730 జీబీ. వెంటనే ఒక టీబీ డిస్కు కొన్నాను. కొన్న రెండో రోజు అర్థమైంది, కావలసినవి నాలుగు పొరలే: ఆకుపచ్చ కాంతి మూడో బ్యాండ్, సమీప పరారుణ కాంతి ఎనిమిదో బ్యాండ్, ఇంకా పొడవైన తరంగాల పరారుణ కాంతి పదకొండో బ్యాండ్, మబ్బులను గుర్తించే వర్గాల పొర. వాటిని చెరువు హద్దు వరకు కత్తిరిస్తే తేదీకి కొన్ని ఎంబీలు కూడా ఉండవు. ఆ డిస్కులో ఇప్పుడు మా పెళ్లి వీడియో ఉంది.

ఇప్పటిదాకా: 19 గంటలు, రూ. 4,800, నిండినవి 22, పారేసినవి 22. గడులు 0/240.

2వ దశ: మబ్బు శాతం

దీనిమీద ఎక్కువ రాయను. ప్రతి ఫైలుతోపాటు మబ్బు శాతం ఒకటి వస్తుంది. పది శాతం దాటినవన్నీ వదిలేశాను. 118 గడులు మాత్రమే నిండాయి. ఆ శాతం పలక మొత్తానిది. తూర్పు పలకలో చాలా భాగం బంగాళాఖాతమే. సముద్రం మీద మబ్బుందని పుళల్‌ను వదులుకోవడం ఏం న్యాయం? అందుకని వర్గాల పొర తీసుకుని చెరువు హద్దులోపల మాత్రమే మబ్బులు లెక్కపెట్టాను. 163 గడులు నిండాయి.

ఒక్క జాగ్రత్త. ఆ పొరలో 8, 9, 10 నంబర్లు మబ్బులు, 3 మబ్బు నీడ. నేను మొదట 3ను కూడా తీసేశాను. నల్లగా, లోతుగా ఉన్న నీళ్లను అది చాలాచోట్ల నీడ అనుకుంటుంది. చెంబరంబాక్కం నడిమధ్యలో రంధ్రాలు పడ్డాయి. ఇప్పుడు హద్దులో మబ్బు బొత్తిగా లేకపోతే 3ను పట్టించుకోను. మబ్బు ఉంటే ఆ తేదీనే వదిలేస్తాను.

ఇప్పటిదాకా: 27 గంటలు, రూ. 4,800, గడులు 163/240.

3వ దశ: 2022 ఫిబ్రవరిలో ఎండిపోయిన చెరువులు

నీటిని గుర్తించడానికి వాడింది ఎన్‌డీడబ్ల్యూఐ, 1996లో మెక్‌ఫీటర్స్ ప్రతిపాదించిన సూచిక. నీళ్లు సమీప పరారుణ కాంతిని మింగేస్తాయి, ఆకుపచ్చ కాంతిని కొంత వెనక్కి పంపుతాయి. ఆకుపచ్చలోంచి పరారుణాన్ని తీసేసి, రెండింటి మొత్తంతో భాగిస్తే నీళ్ల దగ్గర ధన సంఖ్య, నేల దగ్గర ఋణ సంఖ్య రావాలి. పుస్తకం ప్రకారం సున్నా దాటితే నీళ్లు. కానీ సున్నా దగ్గర గీత గీస్తే గట్టు పక్కన రేకుల షెడ్లు, తెల్లటి డాబాలు కూడా నీళ్లలో చేరుతున్నాయి. కళ్లతో చూసుకుంటూ గీతను 0.2కు జరిపాను. చక్కగా కుదిరింది. ఆ చక్కదనమే కొంప ముంచింది.

గ్రాఫు గీస్తే 2022 ఫిబ్రవరి నుంచి నాలుగు జలాశయాలూ ఒక్కసారిగా కుంచించుకుపోయాయి. అంతకు మూడు నెలల ముందు, 2021 నవంబర్‌లో నుంగంబాక్కంలో ఒక్క నెలలోనే వెయ్యి మిల్లీమీటర్లు దాటి వాన పడింది. మా వీధిలో మోకాలి లోతు నీళ్లలో పాల ప్యాకెట్లు తెచ్చుకున్నాం. అటువంటి ఏడాది ఫిబ్రవరికే చెరువులు అడుగంటాయా?

మొదట చెరువులను అనుమానించాను. తర్వాత నా కత్తిరింపును, ఆ తర్వాత ఎండ తళుకును. ఏప్రిల్ చివర, ఆగస్టు మధ్య ఈ అక్షాంశంలో సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల చుట్టుపక్కల నీటి మీద ఎండ అద్దంలా తిరిగి కొట్టి పరారుణ బ్యాండులో తెల్లటి మరకలు పడతాయి. అది నిజమైన సమస్యే, వేసవి గడుల్లో ఉంది. కానీ ఫిబ్రవరి కథ వేరు. ఇలా పదకొండు గంటలు పోయాయి.

చివరికి ఒకే చదరాన్ని, పుళల్ నడిమధ్య ఎప్పుడూ నీళ్లుండే చోటును పట్టుకుని తేదీల వారీగా ముడి అంకెలు కాగితం మీద రాశాను. జనవరి మొదట్లో వందల్లో ఉన్న అంకెలు నెలాఖరు తర్వాత వేలల్లో ఉన్నాయి. రెండు బ్యాండుల్లోనూ తేడా ఇంచుమించు వెయ్యి.

ఇది దాచిన రహస్యమేమీ కాదు, చదవనిది నేనే. 2022 జనవరి 25న వచ్చిన 04.00 వెర్షన్ నుంచి ప్రతి అంకెకూ వెయ్యి కలిపి ఇస్తున్నారు. బాగా చీకటిగా ఉన్నచోట సున్నా కంటే కిందికి పోయే విలువలు కోసుకుపోకుండా ఉండటానికి. వాడేవాళ్లు ఆ వెయ్యిని తీసేసుకోవాలి.

దీనివల్ల సూచికకు ఏమవుతుందో ఒక లెక్క. ఆకుపచ్చ 600, పరారుణం 200 అనుకుందాం.

1. అసలు సూచిక: 400ను 800తో భాగిస్తే 0.50.
2. వెయ్యేసి కలిశాక 1600, 1200. తేడా మాత్రం అదే 400. దాన్ని 2800తో భాగిస్తే 0.14.
3. నా గీత 0.2. నీళ్లు మాయం.

పైన తేడా మారలేదు, కింద భాజకం మాత్రం పెరిగింది. గుర్తు మారదు కాబట్టి సున్నా దగ్గర గీత పెట్టుకున్నవాళ్లకు ఈ తప్పు కనిపించనే కనిపించదు. నాలాగా గీతను చక్కదిద్దుకున్నవాళ్లకే దెబ్బ.

2022 జనవరి 25 తర్వాతి ఫైళ్లన్నింట్లోంచి వెయ్యి తీసేశాను. ఫిబ్రవరి నిండింది. ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. మర్నాడు చూస్తే 2020లో ఎనిమిది నెలలు ఇంకా తక్కువగానే ఉన్నాయి. పాత చిత్రాలను కూడా కొత్త పద్ధతిలో తిరిగి తయారుచేసి 05.00 వెర్షన్‌గా పెడుతున్నారు. నేను రెండు విడతలుగా దించాను, కొన్ని నెలలకు పాతవి, కొన్నింటికి తిరిగి చేసినవి వచ్చాయి. కాబట్టి తేదీ చూసి తీయడం తప్పు, వెర్షన్ చూసి తీయాలి. ఫైలు పేరులో ఎన్ అక్షరం తర్వాత నాలుగంకెలుంటాయి. 0400 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటేనే వెయ్యి తీయండి.

దీంతోపాటు 0.2 అనే స్థిరమైన గీతను కూడా వదిలేశాను. ఇప్పుడు ప్రతి తేదీకీ ఓట్సు పద్ధతిలో గీత దానంతటదే కుదురుతుంది. చదరాల విలువలు రెండు గుట్టలుగా చేరినప్పుడు ఆ రెండింటినీ బాగా విడదీసే చోటును అది వెతుకుతుంది. అది సరిగ్గా పనిచేయాలంటే చిత్రంలో నీళ్లూ, నేలా రెండూ తగినంత ఉండాలి. మొదటి దశలో గీసిన 200 మీటర్ల అదనపు పట్టీ ఇక్కడ పనికొచ్చింది. చెరువు పూర్తిగా ఎండిన 2019 జూన్ వంటి నెలల్లో మాత్రం ఒకటే గుట్ట ఉంటుంది, అప్పుడు ఓట్సు బురదను రెండుగా చీల్చి ఒక భాగాన్ని నీళ్లంటుంది. అందుకే గీత 0.05 కంటే కిందికి పోతే ఆ గడిని కళ్లతో చూసి రాస్తున్నాను.

అన్నీ మొదటినుంచి లెక్కగట్టాక, అనుమానంతో పారేసిన ఎనిమిది గడులు కూడా తిరిగి చేరాయి.

ఇప్పటిదాకా: 52 గంటలు, రూ. 4,800, గడులు 171/240. ఖాళీ 69. అందులో 51 అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలలవే.

4వ దశ: గుర్రపుడెక్క

అంకెలు వచ్చాయి, నిజమా కాదా అన్నది తేలలేదు. జలాశయాల గట్ల మీద ఎక్కడపడితే అక్కడ తిరగనివ్వరు, అది న్యాయమే. పట్టికలో లేకపోయినా కొరట్టూరు చెరువును పరీక్షకు తీసుకున్నాం. ఇంటికి దగ్గర. ఉపగ్రహం వచ్చే తేదీ చూసుకుని, మబ్బు లేని ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నేనూ, సర్వేయర్ గారూ బయల్దేరాం. ఆయన చేతిలో పాత పద్ధతి ఫీల్డ్ బుక్కు, నా చేతిలో ఫోను.

పద్ధతి:

1. అంచు వెంట నడుస్తూ నలభై ఎనిమిది చోట్ల ఆగాం.
2. ప్రతిచోటా మూడు నిమిషాలు నిలబడితేనే ఫోను చూపించే తేడా ఐదు మీటర్లకు దిగింది. ఆగకుండా నమోదు చేసిన మొదటి ఆరు చోట్లు పన్నెండు, పదిహేను మీటర్లు చూపాయి. వెనక్కి వెళ్లి మళ్లీ చేశాం.
3. అక్కణ్ణుంచి చెరువులోపలికి ఇరవై మీటర్ల దూరంలో ఏముందో రాశాం: నీళ్లు, కలుపు, బురద, ఎండు నేల.

పదిన్నర దాటాక సర్వేయర్ గారు ఆకాశంకేసి చూసి, "పోయిందా?" అని అడిగారు. పోయే ఉంటుంది. భూమికి 786 కిలోమీటర్ల ఎత్తున పోయేదాన్ని ఎవరు చూడగలరు?

దూరంనుంచి చూస్తే చెరువులో ఒక మూల పచ్చిక మైదానంలా ఉంది. అక్కడ ఆవులు కాసుకుంటున్న ముసలాయన మా తెలుగు విని తెలుగులోకే దిగాడు. మూడు తరాల కింద వచ్చి స్థిరపడిన కుటుంబమట. "అది నేల కాదయ్యా, కాలు పెట్టేరు. ఆకాయత్తామరై" అన్నాడు. మన గుర్రపుడెక్క. ఒక మొక్కను కర్రతో లాగి చూపించాడు. ఉబ్బిన తొడిమలు, కింద నల్లటి పీచు వేళ్లు మూరెడు పొడుగు, వేళ్లకు మురుగు వాసన. మొక్క లేచిన చోట గుండ్రంగా నల్లటి నీళ్లు కనిపించి, చూస్తుండగానే పక్క మొక్కలు జరిగి మూసేశాయి.

ఐదో రోజు చిత్రం దించి పోల్చాను.

నీళ్లని రాసినవి 17. సూచిక 16 సరిగ్గా చెప్పింది.
కలుపని రాసినవి 19. నీళ్లని చెప్పింది ఒక్కటే.
బురదని రాసినవి 7. నాలుగింటిని నీళ్లంది.
ఎండు నేల 5. అన్నీ సరే.

ఆకులు సమీప పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతాయి. కింద పది అడుగుల నీళ్లున్నా ఉపగ్రహానికి కనిపించేది పచ్చిక. ఎనిమిదో బ్యాండ్ బదులు పదకొండోది వాడే 2006 నాటి సూచికనూ ప్రయత్నించాను. తెల్ల డాబాల గొడవ పోయింది గానీ, కలుపు గొడవ పూర్తిగా తీరలేదు, తడి బురద మరింత నీళ్లయింది. పైగా పదకొండో బ్యాండ్ చదరం ఇరవై మీటర్లు. అంచులు మొద్దుబారాయి.

చివరికి కుదిరింది ఇది. గరిష్ఠ హద్దు లోపల పచ్చదనం ఎక్కువగా ఉన్న చదరాల్లో పదకొండో బ్యాండ్ విలువ ఎలా ఉందో చూశాను. ఎండిన చెరువు అడుగున మొలిచిన గడ్డికంటే నీటిమీద తేలే గుర్రపుడెక్కకు ఆ విలువ తక్కువగా ఉంది. ఒళ్లంతా నీరున్న మొక్క, కిందా నీరే. ఆ తేడాతో విడదీస్తే 19లో 14 దొరికాయి. మిగతా ఐదూ అంచునే ఉన్నాయి, కలుపో గడ్డో నాకే అక్కడ నిలబడి చెప్పడం కష్టమైంది.

పట్టికలో ఇప్పుడు ప్రతి గడిలో రెండు అంకెలు: కనిపించే నీరు, కలుపు కప్పిన నీరు. 171 గడుల్లో 19కి రెండో అంకె చెప్పుకోదగ్గంత ఉంది.

ఇప్పటిదాకా: 71 గంటలు, రూ. 5,420. కొత్తగా చేరిన 620లో సగం, బురదలో తెగిన నా చెప్పుల ఖాతా. గడులు 171/240.

5వ దశ: మబ్బు వెనక నుంచి

చెన్నైకి అసలు వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. చెరువులు నిండేదీ అప్పుడే, మబ్బులు మూసేసేదీ అప్పుడే. ఎండే నెలలు చాలావరకు తెలుస్తున్నాయి, నిండే నెలలు చీకటి. 51 ఖాళీల సంగతి ఇది.

సెంటినెల్-1 రాడార్ ఉపగ్రహం. ఐదున్నర సెంటీమీటర్ల తరంగాన్ని వాలుగా కిందికి పంపి, తిరిగొచ్చినదాన్ని కొలుస్తుంది. మబ్బు అడ్డు కాదు, రాత్రీ అడ్డు కాదు. నిశ్చలమైన నీళ్లు అద్దంలా తరంగాన్ని అవతలికి తోసేస్తాయి, అందుకని చిత్రంలో నల్లగా పడతాయి. మనకు పన్నెండు రోజులకొక చిత్రం దొరికింది.

వైఫల్యాలు వరసగా:

1. మొత్తం చిత్రాన్ని స్నాప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో సరిదిద్దబోతే నా ల్యాప్‌టాప్ ఒక్కోదానికి నలభై నిమిషాలు తీసుకుంది, రెండుసార్లు ఆగిపోయింది. ముందు కత్తిరించి తర్వాత సరిదిద్దితే ఆరు నిమిషాలు. వరస మార్చడమే మందు.

2. రాడార్ చిత్రంలో ఇసుక చల్లినట్టు మచ్చలుంటాయి. వాటిని నున్నగా చేసే జల్లెడ ఐదు చదరాలది పెడితే చోళవరం ఒడ్డు అరిగిపోయింది. మూడు చదరాలకు తగ్గించాను.

3. గాలి. నీటి మీద అలలు లేస్తే అద్దం పగిలినట్టే, నీళ్లు నేలలాగా మెరుస్తాయి. చెంబరంబాక్కం వంటి విశాలమైన చెరువులో ఇది బాగా తెలుస్తుంది. ఒక నవంబర్ చిత్రంలో గాలి మరుగున్న ఒడ్డు దగ్గర నల్లగా, నడిమధ్య తెల్లగా ఉంది. అటువంటి తేదీలు వదిలేసి పన్నెండు రోజులు ముందుదో వెనకదో తీసుకున్నాను.

4. అసలు దెబ్బ ఇది. సరిచూసుకుందామని 2019 జూన్‌కు రాడార్ లెక్క వేశాను. పుళల్‌లో బోలెడు నీళ్లున్నాయంది. అదే నెల మామూలు చిత్రంలో చెరువు గోధుమరంగు చాపలా ఉంది. నున్నటి, పొడి ఇసుక నేల కూడా రాడార్‌కు చీకటే. తరంగాన్ని వెనక్కి పంపడానికి గరుకూ, తడీ రెండూ లేవు. నగరం రైల్లో నీళ్లు తెచ్చుకున్న వేసవిలో నా పట్టిక పుళల్‌ను నింపేసింది.

అందుకని రాడార్‌ను అక్టోబర్ నుంచి జనవరి దాకా మాత్రమే వాడాను, నేల తడిసి ఉండే రోజుల్లో. వేసవి గడులను ముట్టుకోలేదు. పైగా మబ్బు లేని 14 తేదీలకు రెండు రకాల లెక్కలూ వేసి పోల్చుకున్నాను. పన్నెండింట్లో తేడా ఐదు శాతం లోపే ఉంది. మిగతా రెండూ కలుపు ఎక్కువగా ఉన్న తేదీలు. గుర్రపుడెక్క రాడార్‌కూ నేలే.

పూండి దగ్గర ఒక చిక్కు వచ్చింది. 2019 అక్టోబర్ గడి అనుకున్నదానికంటే బాగా పెద్దది. చెన్నై వైపు అంత వాన పడిన గుర్తు లేదు, ఇదీ పొడి ఇసుకేనేమోనని కొట్టేయబోయాను. మా మేనమామది రాపూరు. వేరే పనిమీద ఫోన్ చేసినప్పుడు మాటల్లో చెప్పాను. "ఆ నీళ్లు మీ వానవి కావురా, మా కండలేరువి. శ్రీశైలం నిండిన ఏడు కదా, సెప్టెంబర్ చివర్లో వదిలారు" అన్నాడు. కృష్ణా నీళ్లు తెచ్చే తెలుగుగంగ కాలువ కండలేరు జలాశయం నుంచి ఊత్తుకోట మీదుగా వచ్చి చేరేది పూండిలోనే. 1983 ఒప్పందం ప్రకారం ఆంధ్రప్రదేశ్ ఏడాదికి 12 టీఎంసీలు సరిహద్దు దగ్గర తమిళనాడుకు అప్పగించాలి. వాన లెక్కతో మాత్రమే సరిచూసుకుంటే పూండి ఎప్పటికీ తప్పుగానే కనిపిస్తుంది. కొట్టేయబోయిన గడిని అలాగే ఉంచాను.

ఇప్పటిదాకా: 104 గంటలు, రూ. 5,420, గడులు 231/240.

6వ దశ: విస్తీర్ణం వేరు, నీళ్లు వేరు

సర్వేయర్ గారికి పట్టిక చూపించాను. అద్దాలు సర్దుకుని అంతా చదివి, "ఎన్ని ఎకరాలో చెప్పారు. లోతెంత?" అన్నారు.

ఉపగ్రహం లోతు చెప్పదు. ఊరికి కావలసింది ఘనపరిమాణం. నాలుగింటి పూర్తి సామర్థ్యాలు తెలిసినవే, మిలియన్ ఘనపుటడుగుల్లో: పూండి 3,231, చోళవరం 1,081, పుళల్ 3,300, చెంబరంబాక్కం 3,645. మొత్తం 11,257, అంటే పదకొండు టీఎంసీలకు కొంచెం ఎక్కువ. రోజువారీ నిల్వను నీటి సరఫరా బోర్డు ప్రకటిస్తూనే ఉంటుంది. నా విస్తీర్ణాన్ని అడ్డంగా, ఆ రోజు నిల్వను నిలువుగా పెట్టి చుక్కలు వేశాను.

చెరువు దిగుతున్న నెలల చుక్కలు చక్కగా ఒక వంపు మీద పడ్డాయి. ఎక్కుతున్న నెలలవి చెల్లాచెదురుగా ఉన్నాయి. కారణం వెతికితే సగం నాదే. రాడార్ చిత్రం 9వ తేదీది అయితే నేను నిల్వ అంకె నెలాఖరుది పెట్టాను. వేసవిలో మూడు వారాల తేడా పెద్ద విషయం కాదు, నవంబర్‌లో మూడు రోజులకే చెరువు మారిపోతుంది. చిత్రం తేదీ నిల్వనే పెట్టాక చాలావరకు దగ్గరికొచ్చాయి. మిగిలినవి కలుపు గడులు.

వంపు పైకొసలో ఇంకో ఇబ్బంది. గట్టువైపు నీళ్లు పక్కకు పోలేవు, పైకే లేస్తాయి. ఉపరితలం ఇరవై చదరపు కిలోమీటర్లు అనుకుంటే ఒక్క అడుగు మట్టం 215 మిలియన్ ఘనపుటడుగులు. ఆ అడుగుకు ఒడ్డు నా చిత్రంలో ఒకటి రెండు చదరాలు కదిలితే గొప్ప. 0వ దశలో వేసుకున్న అంచు తేడాలోనే అది కలిసిపోతుంది. కాబట్టి చెరువు ఎండుతున్నప్పుడు నా పట్టికను నమ్మవచ్చు. నిండుతున్నప్పుడు, ముఖ్యంగా గేట్లు ఎత్తాలా వద్దా అనుకునే రోజుల్లో, నమ్మకండి. మిచాంగ్ తుఫాను వచ్చిన 2023 డిసెంబర్ గడులు నాలుగూ నిండే ఉన్నాయి, నాలుగింటి పక్కనా ప్రశ్న గుర్తు పెట్టాను.

ఇప్పటిదాకా: 118 గంటలు, రూ. 5,420, గడులు 231/240.

7వ దశ: మిగిలింది

తొమ్మిది ఖాళీల్లో ఆరు చోళవరానివి, మూడు పూండివి. అన్నీ జూన్ నుంచి ఆగస్టు లోపలివే. మబ్బు వల్ల మామూలు చిత్రం లేదు, పొడి నేల వల్ల రాడార్‌ను నమ్మలేను. పక్క నెలల సగటు వేసి నింపవచ్చని ఒక మిత్రుడు సలహా ఇచ్చాడు. నింపను. ఆఫీసులో ఎవరైనా ఖాళీ వోచరుకు సగటు రాసి తెస్తే నేను వెనక్కి పంపేస్తాను.

చేయవలసినవి:

1. 1988 నుంచి ల్యాండ్‌శాట్ చిత్రాలతో పుళల్ ఒక్కదానికే వెనక్కి వెళ్లడం. చదరం ముప్పై మీటర్లు, 2003 మే తర్వాతి ల్యాండ్‌శాట్-7 చిత్రాల్లో చారలుంటాయి. ముందే రాసి పెట్టుకుంటున్నాను, మళ్లీ చెరువును అనుమానించకుండా.
2. కలుపు నియమాన్ని రెండో చెరువులో పరీక్షించడం. 48 చోట్లు చాలవు, అన్నీ ఒకే రోజువి.

రెండోదానికి పోరూరు చెరువు అనుకున్నాం. వచ్చే శనివారం ఉపగ్రహం వస్తుంది. సర్వేయర్ గారు ఈసారి గొలుసు తెస్తానన్నారు, ఇరవై మీటర్లు కంటితో అంచనా వేయడం ఆయనకు మొదటినుంచీ నచ్చలేదు. నేను రబ్బరు బూట్లు కొన్నాను, రూ. 390. మొత్తం రూ. 5,810.